పరేషాన్ కింద ఎర్రగీత

"పుంటికూర మంచిగున్నది, పట్కరావాల్నా?" అని మా ఆయన మధు ఫోన్లో అడిగారు. కొత్తపేట రైతుబజారు గోలంతా ఆయన గొంతు వెనక వినిపిస్తోంది.

"గోంగూరైతే తీసుకురండి. పుంటికూర మాకక్కర్లేదు" అన్నాను. రెండూ ఒకే ఆకు, పేర్లే వేరు.

"ఎర్రదా, తెల్లదా?"

"మీ అమ్మగారినడగండి."

"అమ్మ తెల్లదంటది, నువ్వు ఎర్రదంటవ్. రెండూ తెస్త అమలా. ఇంట్ల గిన్నెలకేం కరువా?"

కార్తీకమాసం. మధు రెండు రకాలూ తెచ్చి, హాల్లో పాత పేపరు పరిచి, వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఆకు తుంచారు. ఎర్రకాడల కట్ట అయిపోయింది. తెల్లకాడలది సగంలో ఉండగా క్లాసుకు టైమైందని లేచారు. చేతికంటిన పసరు చొక్కాకు తుడుచుకోబోతుంటే నేను అరిచాను. నవ్వి, తువ్వాలుకు తుడుచుకుని వెళ్ళారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో దిల్‌సుఖ్‌నగర్ బస్సు కోసం నిలబడిన మనిషి నిలబడినట్టే కూలిపోయారట. ఎవరో ఆటోలో వేసి దవాఖానకు తీసుకెళ్ళారు. గుండె ఆగిపోయిందని అక్కడ చెప్పేసరికి నేనింకా దారిలోనే ఉన్నాను. ఆయనకప్పుడు నలభై దాటాయి, అంతే. తెలంగాణ వస్తుందని తేలిపోయి, ఇంకా రాని రోజులు.

మిగిలిన సగం కట్ట ఏమైందో నాకు గుర్తు లేదు. అత్తయ్యకు గుర్తుండే ఉంటుంది. నేనడగలేదు.

మధు చేసే పని గురించి నాకు తెలిసింది కొద్దే. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు డిపో ఎదురు సందులో, మూడో అంతస్తులో ఒక చిన్న ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అందులో పైథాన్ చెప్పేవారు. పైథాన్ అంటే కంప్యూటరుకు పని పురమాయించే ఒక భాష. అందులో వరసగా రాసిపెట్టిన పురమాయింపులను స్క్రిప్టు అంటారు. పెళ్ళికి ముందు నేనూ అక్కడే పనిచేసేదాన్ని. నోట్సులు, కరపత్రాలు, బ్యానర్లు టైపు చేయడం నా పని. ఖాళీ దొరికితే అదే కంప్యూటర్లో కథలు రాసుకునేదాన్ని.

మధు వాళ్ళది నల్లగొండ వైపు పల్లె. మామయ్య గోపయ్య ఆటో నడుపుకుంటూ మన్సూరాబాద్‌లో స్థిరపడ్డారు. మాది తణుకు దగ్గర. నాన్న వెంకట్రావు బ్యాంకు బదిలీ మీద వచ్చి, కొత్తపేటలో ఇల్లు కట్టుకుని ఉండిపోయారు. మా ఇద్దరినీ కలిపింది మాత్రం ఒక బ్యానరు.

నేను చేరిన కొత్తల్లో, నాకు ముందున్న టైపిస్టు కొట్టిన బ్యానరు అచ్చయి వచ్చింది. దాని మీద "దిల్సుఖ్నగర్" అని ఉంది. ల కింద స వేలాడుతోంది, ఖ కింద న వేలాడుతోంది. యజమాని మల్లికార్జునరావుగారు తల పట్టుకున్నారు.

"ఊరి పేరే ఇలా నలిపేస్తే మన కోర్సులో ఎవడు చేరతాడమ్మా?"

నేను కూర్చుని, పొల్లు ఉన్న చోటల్లా ఒక మీట నొక్కాను. కింద వేలాడుతున్న అక్షరాలు పైకొచ్చి పక్కపక్కన నిలబడ్డాయి. దిల్‌సుఖ్‌నగర్. వెనక నిలబడి చూస్తున్న మధు అడిగారు.

"ఏం నొక్కిన్రు మేడం?"

"పేరు తెలీదండీ. రెండక్షరాలు ఒకదానికొకటి అతుక్కోకూడదంటే మధ్యలో ఇది కొడతాం. తెర మీద ఏమీ పడదు."

"ఏం పడకపోతే ఏం కొట్టినట్టు?"

"పడదండీ. కానీ ఉంటుంది."

ఆ జవాబు పట్టుకుని నన్ను ఏళ్ళ తరబడి ఏడిపించారు. కూరలో ఉప్పు వేశావా అని వాళ్ళమ్మ నన్నడిగితే, ఈయన మధ్యలో దూరి "పడలేదండీ, కానీ ఉంటుంది" అని నా గొంతుతో అనేవారు. తెలుగు టైపు చేసేవాళ్ళందరికీ ఆ మీట చేతి అలవాటు. పొల్లు పడిందంటే వేలు దానంతటదే అటు పోతుంది.

పెళ్ళయ్యాక నేను ఇంట్లోనే టైపు చేయడం మొదలుపెట్టాను. ఆ మూడో అంతస్తు మెట్లు మళ్ళీ ఎక్కలేదు.

ఉద్యమం రోజులు. మా వైపు షాపుల్లో, బస్సుల్లో "మీదెక్కడ?" అన్నది మామూలు ప్రశ్నే కానీ, ఆ రోజుల్లో దాని బరువు మారింది. నేను నోరు విప్పితే చాలు, ఎదుటివాళ్ళు ఒకసారి ముఖంలోకి చూసేవాళ్ళు. ఎవరూ ఏమీ అనలేదని రాయాలని ఉంది. ఒకళ్ళిద్దరు అన్నారు. ఒకావిడ, కూరగాయల దగ్గర, నా తరఫున వాళ్ళతో పోట్లాడింది కూడా.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, క్లాసులు లేవు. ఎల్బీనగర్‌లో రాస్తారోకో అని మామయ్య పొద్దున్నే ఆటోకు జెండా కట్టుకుని వెళ్ళారు. మధ్యాహ్నం దాటినా రాలేదు, ఫోను ఎత్తలేదు. మధు వెతకడానికి సందు చివరిదాకా పోయి వచ్చారు. నేను కిటికీకీ గుమ్మానికీ మధ్య తిరుగుతున్నాను. అప్పుడు మా అత్తయ్య కిష్టమ్మ, తన పెనిమిటి కోసం తను కంగారుపడడం మాని, నాతో అంది:

"జర కూసో బిడ్డా. పరేషాన్ గాకు. మీ మామ ఒస్తడు."

సాయంత్రానికి మామయ్య వచ్చారు, నినాదాలకు గొంతు పూర్తిగా పోయి. నాకు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయింది. కంప్యూటరు ముందు కూర్చుని, రాస్తున్న కథలో పెట్టుకున్నాను. అత్తయ్య వయోజన విద్యా కేంద్రంలో అక్షరాలు నేర్చింది. కూడబలుక్కుని చదువుతుంది. నా భుజం మీదుగా వంగి చూసింది.

"గిది నేనన్న మాటేనా?"

"మీరన్నదే అత్తయ్యా."

"మరి కింద గా ఎర్రగీతలేంది?"

రాసుకునే సాఫ్ట్‌వేర్ తనకు తెలియని మాట కనిపిస్తే కింద ఎర్రగీత గీస్తుంది. జర కింద గీసింది. కూసో కింద, పరేషాన్ కింద, గాకు కింద, ఒస్తడు కింద గీసింది. బిడ్డా, మీ, మామ, ఈ మూడింటినీ వదిలింది.

"తప్పులుంటె గట్ల గీస్తదమ్మా" అన్నారు మధు, లోపలి గదిలోంచి, ఆలోచించకుండా.

"తప్పా? నేనేం తప్పు మాట్లాడిన్రా? కోడల్ని కూసోమన్న."

మామయ్య లేని గొంతుతోనే అందుకున్నారు. "పెండ్లయిన కాడికెల్లి నేను చెప్తలేనా, నువ్వు మాట్లాడేదంత తప్పేనని? ఇయ్యాల కంప్యూటర్ గూడ చెప్పింది."

"నీ నోరు పడిపోను! పడిపోయె గద, ఇంకేం పడాలె."

అందరం నవ్వాం. కాసేపటికి అత్తయ్య చేతులు తుడుచుకుంటూ మళ్ళీ వచ్చి తెర ముందు నిలబడింది. నవ్వడం లేదు.

"చదువుకున్న మిషిను గద. ఊకెనే గీస్తదా? మా అవ్వ గిట్లనే మాట్లాడింది, నేను గిట్లనే మాట్లాడుతున్న. అందరం తప్పేనా?"

మధు లోపలినుంచి వచ్చారు. ఆ ఐదు ఎర్రగీతలనూ చూశారు.

"తప్పు నీది కాదమ్మా. దానికి నేర్పినోడు మన మాటలు నేర్పలే. నేను నేర్పుత. ఒక్క ఎర్రగీత లేకుండ నీ మాట నీకు చూపిస్త."

"ఒట్టు?"

"ఒట్టే."

అలా మొదలైంది. మాటల తప్పొప్పులు చూసే స్క్రిప్టు ఆయనే సొంతంగా రాయడం మొదలుపెట్టారు. తెలిసిన మాటల వరసంతా స్క్రిప్టులోనే ఉంటుంది. ఎవరైనా వాక్యం కొడితే, అందులోని ప్రతి మాటనూ ఆ వరసతో పోల్చి చూస్తుంది. దొరికితే వదిలేస్తుంది, దొరక్కపోతే ఎర్రగీత.

మొదటి తెలుగు మాట పెట్టగానే పైథాన్ మొరాయించింది. ఇంగ్లీషు కాని అక్షరమేదో వచ్చింది, ఇది ఏ పద్ధతిలో రాసిందో నాకు చెప్పలేదు అని ఆగిపోయింది. ఆయన ఫైలు నెత్తిమీద ఒక చిన్న లైను చేర్చారు, ఇది యూనికోడ్‌లో ఫలానా పద్ధతిలో రాసిన ఫైలు అని. వెంటనే నోరు మూసుకుని పనిచేసింది.

"మొదటి లైన్లనో రెండో లైన్లనో చెప్పాలె" అన్నారు నాతో. "మూడో లైన్ల చెప్తే వినది. చెప్పకపోతే మనం ఇంగ్లీషోళ్ళం అనుకుంటది."

"బజార్లోనూ అంతేగా. ముందు మీదెక్కడ అనే కదా అడుగుతున్నారు."

"బజార్ల నువ్వు చెప్పే పనే లేదు. నీ 'అండీ' ఆర్టీసీ హారన్ లెక్క నీకంటె ముందే ఒస్తది."

ఇంకో రోజు పిలిచి మరో సంగతి చూపించారు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం ఏదైనా కంప్యూటరు లోపల మూడు ముక్కలుగా ఉంటుందట. మొదటి ముక్క అన్ని అక్షరాలకూ ఒకటేనట. "చూడు, మీ గోంగూరకు, మా పుంటికూరకు తలకాయ ఒక్కటే" అని పిల్లాడిలా సంబరపడ్డారు.

ఆయన ఒంటివేలితో తెలుగు కొట్టేవారు. అందుకని మాటలు ఆయన చెబితే నేను టైపు చేసేదాన్ని. మాటలందించేది అత్తయ్య. వంటింట్లోంచి ఉన్నట్టుండి కేక వచ్చేది. "పైలం ఎక్కిచ్చిన్రా?" "జాగ్రత్తేగా, ఎక్కించాం అత్తయ్యా." "సల్ల?" "మజ్జిగేగా, ఎక్కించాం." "గుడాలు?" గుడాలు ఎక్కించలేదు. ఆ సాయంత్రం ఉడికించిన శనగ గుడాలు తింటూ ఎక్కించాం.

రాష్ట్రం ఇస్తామని ఢిల్లీలో ప్రకటించిన తర్వాతి ఆదివారం నాన్న మా ఇంటికి భోజనానికి వచ్చారు. రాడేమోనని మామయ్య, పిలవరేమోనని నాన్న, ఇద్దరూ వారమంతా విడివిడిగా నన్ను అడుగుతూనే ఉన్నారు. తీరా కంచాల ముందు కూర్చున్నాక మొదలుపెట్టారు.

"ఏం బావగారూ, ఇక మమ్మల్ని పొమ్మంటారా?" అన్నారు నాన్న.

"పొమ్మంటె మాత్రం పోతరా? కొత్తపేటల ఇంటి మీద ఇల్లు ఏస్తున్రు గద."

"అది అద్దెకివ్వడానికండీ."

"అగో! గీడ అద్దె ఉండది బావా. కిరాయి ఉంటది. అద్దె అని బోర్డు వెట్టు, ఎవడన్న వస్తడేమో చూత్తం."

"అన్నయ్యా, ఆయన మాటలు వట్టిచ్చుకోకు, తిను" అంది అత్తయ్య, నాన్న కంచంలో ఇంకో గరిటె వేస్తూ.

భోజనాలయ్యాక మధు స్క్రిప్టు చూపించారు. నాన్న కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అయితే బాబూ, మీ మాటలన్నీ తప్పు, మావన్నీ ఒప్పు అందన్నమాట ఆ మిషను?"

"మీరు జర మాట్లాడుండ్రి మామయ్యా. ఇంట్ల మాట్లాడినట్టు. బ్యాంకుల మాట్లాడినట్టు గాదు."

నాన్న గొంతు సవరించుకుని, మా నాయనమ్మను తలుచుకున్నట్టు కళ్ళు మూసుకుని అన్నారు. "కూసింత మజ్జిగోసుకు తినేసి ఎలిపోతానండి."

నేను పాత సాఫ్ట్‌వేర్లో కొట్టాను. కూసింత కింద ఎర్రగీత. మజ్జిగోసుకు కింద ఎర్రగీత. ఎలిపోతానండి కింద పొడుగాటి ఎర్రగీత. నాన్న ముందుకు వంగారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

మామయ్య చప్పట్లు కొట్టారు. "గీయన గూడ మనోడే!"

"ఇదెక్కడి అన్యాయమండీ!"

"గదే బావా, మేం అరవై ఏండ్లసంది అంటున్నది గదే!"

నాన్నకు ఉక్రోషం వచ్చింది, ఆ వెంటనే నవ్వు వచ్చింది. ఇద్దరూ కలిసి ఆ మిషన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. ఏ తిట్టుకు ఎర్రగీత పడుతుందో చూడాలని కూడా అనుకున్నారు, అత్తయ్య ఒప్పుకోలేదు. వెళ్ళేటప్పుడు నాన్న చెప్పులు వేసుకుంటూ మధుతో మెల్లగా అన్నారు.

"కుదిరితే కూసింత ఎక్కించు బాబూ. మా అమ్మ మాట అది."

మధు ఆ రోజే ఎక్కించారు.

దసరా నాటికి అత్తయ్య వాక్యంలో గీతలన్నీ పోయాయి, ఒక్కటి తప్ప. జర బాగుంది. కూసో, గాకు, ఒస్తడు, అన్నీ బాగున్నాయి. పరేషాన్ కింద మాత్రం ఎర్రగీత అలాగే ఉంది. స్క్రిప్టు వరసలో చూస్తే పరేషాన్ ఉంది. ఆయన ఒంటివేలితో కొట్టుకున్న వాక్యంలోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాం. పకారం, రేఫ, షకారం, పొల్లు నకారం, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"నాకు కనపడని తేడా దీనికేం కనపడ్డది?" అన్నారు. వరసలోంచి ఆ మాట చెరిపేసి "మళ్ళ ఒకసారి కొట్టు అమలా" అన్నారు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఎర్రగీత.

రెండు వారాలు దాంతోనే పెనుగులాడారు. తింటూ ఆలోచించేవారు. అత్తయ్యకే జాలేసింది.

"పోనీ తియ్ బిడ్డా. భయపడకు అని రాయి, సరిపోతది."

"భయం వేరు, పరేషాన్ వేరు అమ్మా. నువ్వు ఆనాడు భయపడకు అనలే."

"నాకంటె నువ్వే పరేషాన్ అయితున్నవ్ గద దానికోసం."

"గందుకే అది పోతలేదేమో."

దీపావళి కానీ, తీరిగ్గా కూర్చుని చూస్తానన్నారు. దీపావళి అయింది. ఆ తర్వాతిదే గోంగూర తెచ్చిన రోజు.

మామయ్య మళ్ళీ ఆటో తీయడానికి చాలాకాలం పట్టింది. జూన్‌లో రాష్ట్రం వచ్చింది. మా సందంతా రంగులు చల్లుకున్నారు, టపాసులు కాల్చారు. మామయ్య గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళ చేత రంగు పూయించుకుని, వాళ్ళు వెళ్ళాక నల్లా కింద ముఖం కడుక్కున్నారు. నాన్న స్వీటు డబ్బా తెచ్చి, ఆయన పక్కన కూర్చున్నారు.

అత్తయ్య కంప్యూటరు మీద గుడ్డ కప్పింది. అప్పుడప్పుడు దాని మీద దుమ్ము దులిపేది. ఒకసారి మాత్రం దులుపుతూ అడిగింది. "గా మాట ఇంక తప్పుల్నే ఉన్నదా బిడ్డా?"

తెరిచి చూశాను. ఉంది. గుడ్డ కప్పేశాను.

బోనాలయ్యాక ఒక ఆదివారం జ్యోతిక అనే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మధు దగ్గర పైథాన్ నేర్చుకుందట. చదువయ్యాక బెంగళూరు వెళ్ళిపోయింది, అక్కడే ఉద్యోగం. సంగతి ఆలస్యంగా తెలిసిందని, వాళ్ళ ఊరు కూడా నల్లగొండ పక్కనేనని చెప్పి అత్తయ్య చేయి పట్టుకుని ఏడ్చింది. నన్ను మేడం అంటోంది. నేను టీ పెట్టడానికి లేస్తుంటే అత్తయ్య ఆ అమ్మాయితో అంటోంది.

"నువ్వు మా మధు కాడ సదివినవ్ గద. ఒక్క మాట ఉన్నది బిడ్డా, జర చూస్తవా? ఒట్టు వెట్టిండు నాకు. అది ఒక్కటే మిగిలింది."

గుడ్డ తీసిన చప్పుడు వినిపించింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి గుమ్మంలోకి వచ్చాను. జ్యోతిక స్క్రిప్టు తెరిచి, పరేషాన్ ముందు కర్సరును నిలిపి, బాణం మీటతో ఒక్కో అక్షరం దాటుకుంటూ పోతోంది. పొల్లు నకారం దాటింది. మాట అయిపోయింది. ఇంకోసారి నొక్కింది. కర్సరు కదల్లేదు. ఆ అమ్మాయి నవ్వింది.

"మేడం, పరేషాన్ ఎనకాల అమల ఉన్నది."

నాకు అర్థం కాలేదు. "ఏముంది?" అన్నాను.

"అమల, మేడం. కనపడది. గందుకే సార్‌కు దొరకలేదేమో. అమల ఎప్పుడూ రెండక్షరాల నడుమ ఉంటది గద, మాట చివర్ల దానికేం పనని సార్ అటు చూడకపోయి ఉంటడు. ఎవరో టైపు చేసేటోళ్ళు అలవాటుల కొట్టిన్రు."

అత్తయ్య నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను. జ్యోతిక తెర వైపే చూస్తోంది.

"తీసేస్తున్న మేడం" అని ఒక మీట నొక్కింది. తెర మీద ఏమీ మారలేదు. స్క్రిప్టు నడిపింది. వాక్యం వచ్చింది.

అత్తయ్య కళ్ళజోడు తెచ్చుకుని, తెర మీద వేలు పెట్టి చదివింది. "జర. కూసో. బిడ్డా. ప. రే. షాన్. గాకు." అక్కడ ఆగింది. వేలు పరేషాన్ దగ్గరకు వెనక్కి వచ్చి, దాని కింద అటూ ఇటూ రుద్దింది, ఇంకేమైనా అంటుకుని ఉందేమో అన్నట్టు.

"లేదు" అంది. "పోయింది."

పొయ్యి మీద టీ పొంగింది.

వెళ్ళేటప్పుడు జ్యోతికను బస్టాపు దాకా సాగనంపాను. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడ్డాక అడిగాను, ఆ కనపడని అక్షరానికి ఆ పేరు ఎవరు పెట్టారని.

"సారే మేడం. ఇంగ్లీషుల ఏదో పొడుగు పేరు ఉంటదట, సార్ మాకెప్పుడు చెప్పలే. 'తెర మీద పడది గని ఉంటది, అది లేకపోతే దిల్‌సుఖ్‌నగర్ మొత్తం కూలిపోతది' అని బోర్డు మీద రాసి చూపిచ్చేటోడు. మా తర్వాత బ్యాచులోళ్ళు గూడ గట్లనే అంటరు. మేం స్క్రిప్టులల్ల గూడ అమల అనే రాస్తం." బస్సు వస్తోందేమోనని అటు చూసి, మళ్ళీ నా వైపు తిరిగింది. "ఒకపాలి ఇంటర్వ్యూల తెలుగు గురించి అడిగితె, నడుమ అమల వెట్టాలె సార్ అన్న. వాళ్ళు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు మేడం. నేనైతే అదే దాని అసలు పేరనుకున్న."